జనం పెరిగితే అడవి తగ్గాల్సిందేనా? తొమ్మిదో తరగతి అమ్మాయి అడిగిన ప్రశ్న

నేలపటం · శుక్రవారం, సాయంత్రం 6:40

అందరికీ నమస్కారం. హైస్కూల్లో సోషల్ చెబుతాను. నిన్న జనాభా పాఠం. ఎప్పుడూ చెప్పే అంకెలే చెప్పాను. 1804 ప్రాంతంలో ప్రపంచ జనాభా 100 కోట్లు. 1927కి 200 కోట్లు, 1960కి 300, 1999కి 600, 2022 నవంబరులో 800 కోట్లు. మొదటి వంద కోట్లు చేరడానికి మనిషి పుట్టినప్పటి నుంచీ పట్టింది, చివరి వంద కోట్లకు పదకొండేళ్లే పట్టింది అంటే పిల్లలు నోళ్లు తెరిచారు.

తర్వాత ప్రొజెక్టర్ మీద ఉపగ్రహ చిత్రాలు చూపించాను. 1984 నుంచి ఏడాదికొకటి చొప్పున జరుపుకుంటూ చూడొచ్చు. బ్రెజిల్‌లో రొండోనియా అనే రాష్ట్రం తీసుకున్నా. మొదట్లో చాలావరకు ముదురు ఆకుపచ్చ, మధ్యలో ఒక సన్నటి గీత. అది బిఆర్-364 రహదారి. కొన్నేళ్లు ముందుకు జరిపితే ఆ గీతకు అటూ ఇటూ సమాన దూరంలో చిన్న గీతలు లేచాయి, అచ్చం చేప ముల్లులా. ఇంకో పదేళ్లకు ఆ ముళ్ల మధ్య ఉన్న పచ్చదనం అంచుల నుంచి పాలిపోతూ వచ్చింది. 2000 దాటేసరికి అక్కడక్కడా చతురస్రాల్లాంటి పచ్చ ముక్కలు మాత్రం మిగిలాయి.

వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచి "సార్, ఇంత అడవి పోవాలంటే ఎంతమంది వచ్చి ఉంటారు?" అంది. జనాభా బాగా పెరిగింది కదమ్మా అన్నాను. "అదే సార్, ఎంతమంది?" అని మళ్లీ అడిగింది. నా దగ్గర జవాబు లేదు. రేపు చెబుతానని కూర్చోబెట్టాను. ఆ పిల్ల అడిగింది చిన్న ప్రశ్న కాదనిపిస్తోంది. జనం పెరగడానికీ నేల తరగడానికీ నిజంగా ఎంత సంబంధం ఉంది? తెలిసినవాళ్లు చెప్పండి.


సూటిమాట · శుక్రవారం, రాత్రి 7:15

మాస్టారూ, ఆ అమ్మాయికి నేరుగా జవాబు చెప్పొచ్చు. 1970లో రొండోనియా జనాభా లక్షా పది వేల చిల్లర. 1991 నాటికి 11 లక్షలు దాటింది. ఇరవై ఏళ్లలో పది రెట్లు. మనుషులు వచ్చారు, అడవి పోయింది. ఇందులో గూఢార్థం ఏమీ లేదు.

ఈ మాట అనడానికి చాలామంది మొహమాటపడతారు. పరిశ్రమలు అంటారు, ప్రభుత్వాలు అంటారు, పాలసీ అంటారు. అన్నిటి అడుగునా ఉన్నది తలల లెక్క. ప్రతి మనిషికీ తిండి కావాలి, ఇల్లు కావాలి, నడవడానికి దారి కావాలి. నేల మాత్రం పెరగదు. ఐక్యరాజ్యసమితి 2024 అంచనా ప్రకారం 2080ల నడిమికి మనం 1,030 కోట్ల దాకా వెళతాం. ఇంకో 200 కోట్ల మందికి పైగా ఎక్కడ కాలు పెడతారో ఆలోచించండి. నాకైతే నిద్ర పట్టదు.


లెక్కలమేడ · శుక్రవారం, రాత్రి 8:02

సూటిమాట గారూ, మీ అంకెలు సరైనవే. కానీ లెక్క 1991 దగ్గర ఆపేశారు. కొంచెం ముందుకు పోనివ్వండి. 2022 జనగణనలో రొండోనియా జనాభా సుమారు 16 లక్షలు. అదే రాష్ట్రంలో పశువులు కోటిన్నర దాటాయి. మనిషి ఒక్కడికి తొమ్మిది పది పశువులు. మాస్టారు చూపించిన పటంలో పాలిపోయిన ఆ రంగులో ఎక్కువ భాగం మేత బీళ్లు.

అసలు అంతమంది ఒక్కసారిగా అక్కడికి ఎందుకు వెళ్లారో కూడా చూడాలి. అక్కడే ఎక్కువ మంది పుట్టినందువల్ల కాదు. బ్రెజిల్ దక్షిణ రాష్ట్రాల్లో, ముఖ్యంగా పరనాలో, కాఫీ తోటలు పోయి ట్రాక్టర్లతో సోయా సాగు వచ్చింది. చిన్న రైతులకు, కూలీలకు పని పోయింది. ప్రభుత్వమే పిలిచి అడవిలో స్థలాలు ఇచ్చింది. ప్రపంచ బ్యాంకు అప్పుతో పోలోనొరోయెస్తే అనే పథకం కింద 1984లో ఆ రోడ్డు మీద తారు పడింది. చాలాచోట్ల అడవి నరికిన నేల నాలుగైదు పంటలకే చచ్చిపోయింది. అప్పులపాలైన రైతు దాన్ని పశువుల కామందుకు అమ్మేసి ఇంకా లోపలికి వెళ్లి మళ్లీ నరికాడు. అదే మనిషి, రెండుసార్లు అడవి. దీన్ని తలల లెక్కతో ఎలా పట్టుకుంటారు?

ప్రపంచం మొత్తం తీసుకున్నా ఇదే బొమ్మ. మంచు, ఎడారి తీసేసి, బతకడానికి పనికొచ్చే నేలలో దాదాపు సగం వ్యవసాయానికి పోయింది. మనం ఉండే ఊళ్లు, నగరాలు, రోడ్లు అన్నీ కలిపితే ఒక శాతం అటూ ఇటూ. ఆ వ్యవసాయ భూమిలో ఇంచుమించు ముప్పాతిక పశువుల మేతకీ దాణాకీ పోతోంది. అంత నేల తీసుకుని అవి మనకిచ్చేది కేలరీల్లో ఐదో వంతు కూడా లేదు, ప్రొటీన్‌లో మూడో వంతుకు కొంచెం పైన. 2018లో భూమ్మీది జీవరాశి బరువు లెక్కగట్టారు. క్షీరదాలన్నిటినీ తూకం వేస్తే మన పెంపుడు పశువులు 60 శాతం, మనం 36 శాతం, ఏనుగు నుంచి ఎలుక దాకా, తిమింగలాలతో సహా, అడవిలో సముద్రంలో ఉన్నవన్నీ కలిపి 4 శాతం.


సూటిమాట · శుక్రవారం, రాత్రి 8:30

> మనిషి ఒక్కడికి తొమ్మిది పది పశువులు

ఆ పశువుల్ని అడవి దేవతలు పెంచుతున్నారా? మనుషులు తినడానికే కదా. రొండోనియాలో తినకపోతే ఇంకో దేశంలో తింటారు. 800 కోట్ల బదులు 400 కోట్ల మందిమే ఉంటే ఆ మంద సగమే ఉండేది. 1974లో మనం 400 కోట్లమే. ఒక్క మనిషి జీవితకాలంలో రెట్టింపయ్యాం. ఎర్లిక్, హోల్డ్రెన్ అనే శాస్త్రవేత్తలు 1970ల మొదట్లో చెప్పిన సూత్రం ఇప్పటికీ చెల్లుతుంది. ప్రకృతి మీద పడే భారం అంటే జనాభా, తలసరి వాడకం, ఆ వాడకానికి మనం వాడే పద్ధతి, ఈ మూడిటి గుణకారం. మొదటిదాన్ని పక్కన పెట్టి మిగతా రెండూ మాట్లాడడం నిజాయతీ కాదు.


లెక్కలమేడ · శుక్రవారం, రాత్రి 8:41

గుణకారం అన్నారు, ఒప్పుకుంటాను. అయితే ఆ మూడూ ఒకే వేగంతో కదలవు. 1961 నుంచి ఇప్పటికి జనాభా రెండున్నర రెట్లు దాటింది. తిండిగింజలు వేసే నేల మాత్రం కొద్దిగానే పెరిగింది. ఎకరా దిగుబడి దాదాపు మూడు రెట్లయింది కాబట్టి. జనం తిండిని మించి పెరిగి కరువులు వస్తాయని 1798లో మాల్థస్ భయపడిందీ, 1960ల చివర ఎర్లిక్ భయపడిందీ ఆ రూపంలో జరగకపోవడానికి అదే కారణం.


పొలంగట్టు · శుక్రవారం, రాత్రి 9:50

నేను వ్యవసాయం చేస్తాను. దిగుబడి మూడు రెట్లు అన్నంత తేలిగ్గా ఆ మాట నా గొంతు దిగదు. అందుకే రాస్తున్నా.

ఆ దిగుబడి వెనక పెద్ద చెయ్యి నత్రజనిది. గాలిలో నత్రజనిని అమ్మోనియాగా మార్చడం హేబర్ అనే రసాయన శాస్త్రవేత్త 1909లో చూపించాడు, 1913లో జర్మనీలో ఫ్యాక్టరీ మొదలైంది. ఈరోజు ప్రపంచంలో ఇంచుమించు సగం మంది తినే తిండి ఆ ఎరువు మీద ఆధారపడింది. ఇది గొప్ప విషయం, కాదనను. ఆకలి తెలిసినవాళ్లెవరూ కాదనరు. కానీ మొక్క తాగింది పోగా మిగిలింది నీళ్లతో పాటు వెళ్లిపోతుంది. మిసిసిపీ నది పొడుగునా పొలాల్లో వేసిన ఎరువు మెక్సికో సింధుశాఖలో తేలి, ప్రతి వేసవిలో అక్కడ వేల చదరపు కిలోమీటర్ల మేర నీటి అడుగున ఆక్సిజన్ దాదాపు లేకుండా చేస్తోంది. నేల మిగిలిందని మనం సంతోషిస్తే సముద్రం బిల్లు కడుతోంది.

ఇంకోటి, నా చేతులతో నేనే చేసినది. మా పొలంలో గట్లు ఒకప్పుడు మనిషి పడుకునేంత వెడల్పు. పొదలు, గడ్డి, పుట్టలు, కలుగులు ఉండేవి. రాత్రి టార్చిలైటు వేస్తే ముళ్లపందో ముంగిసో ఏదో ఒకటి అడ్డం పడేది. ఏటా ఒక చాలు కలిసొస్తుందని ఇటు నేను చెక్కాను, అటు పక్క రైతు చెక్కాడు. ఇప్పుడు గట్టు మీద ఒక అడుగు పక్కన ఇంకో అడుగు పట్టదు. నాకు కలిసొచ్చింది మహా అయితే రెండు బస్తాలు. ఆ జీవాలు ఎటు పోయాయో తెలియదు. ఎలుకలు మాత్రం పెరిగాయి, మందు కొనాల్సి వస్తోంది. పటంలో చూస్తే నా పొలం అప్పుడూ పొలమే, ఇప్పుడూ పొలమే. రంగు మారలేదు.


పిట్టగూడు · శనివారం, ఉదయం 6:20

పొలంగట్టు గారూ, మీ చివరి మాట రాత్రంతా నన్ను వదల్లేదు. రంగు మారకుండానే ఆవాసం పోవడం మీద ఇరవై ఏళ్లుగా పని చేస్తున్నాను, పక్షులు నా సబ్జెక్టు. మాస్టారు ఆ పచ్చ ముక్కల గురించి రాశారు కదా, దాని మీద కొంచెం పెద్దగానే రాస్తాను.

బ్రెజిల్‌లోనే మనౌస్ నగరానికి ఉత్తరాన 1979లో ఒక పరిశోధన మొదలైంది. థామస్ లవ్‌జాయ్ అనే జీవశాస్త్రవేత్త ఆలోచన అది. అప్పట్లో అక్కడ పశువుల కోసం అడవి నరికేవాళ్లు తమ భూమిలో సగం అడవిగా వదలాలని చట్టం. ఎలాగూ వదులుతున్నారు కదా, మేం చెప్పిన ఆకారంలో వదలండి అని ఒప్పించాడు. ఒక హెక్టారు, పది హెక్టార్లు, వంద హెక్టార్ల చతురస్రాలు. నరకక ముందే అందులో ఏమేం ఉన్నాయో రాసి పెట్టుకున్నారు. తర్వాత ఏం జరుగుతుందో చూస్తూ కూర్చున్నారు. దశాబ్దాలు గడిచినా ఆ పని సాగుతూనే ఉంది.

అంచు దగ్గర ఏమవుతుందంటే, లోపల ఎప్పుడూ తడిగా, చీకటిగా ఉండే నేల మీద పక్క నుంచి ఎండ పడుతుంది. వేడిగాలి దూరుతుంది. ఆకులు రాలి ఎండిపోతాయి. గాలి దెబ్బ ఎన్నడూ తినని పెద్ద చెట్లు విరిగి పడతాయి. ఖాళీ అయిన చోట తీగలు అల్లుకుంటాయి. ఇదంతా అంచు నుంచి దాదాపు వంద మీటర్ల లోపలికి గట్టిగా కనిపించింది. ఒక హెక్టారు ముక్క అంటే పక్కకి వంద మీటర్లే. అంటే అందులో లోపల అనేదే లేదు, అంతా అంచే.

అక్కడ కొన్ని పిట్టలు సైనిక చీమల దండు వెంట తిరుగుతాయి. చీమల్ని తినవు, చీమలకు భయపడి ఎగిరే పురుగుల్ని తింటాయి. ఒక్కో చీమల దండు తిరగడానికి ముప్పై హెక్టార్ల దాకా కావాలి. ఒక హెక్టారు, పది హెక్టార్ల ముక్కల్లోంచి ఆ పిట్టలు చాలా త్వరగా మాయమయ్యాయి. చెట్లన్నీ అక్కడే ఉన్నాయి! ఎనభై మీటర్ల ఖాళీ నేల దాటి అవతలి అడవిలోకి వెళ్లడానికి కూడా కొన్ని జాతులు జంకాయి. వంద హెక్టార్ల ముక్కలు కూడా పదిహేనేళ్ల లోపే కిందిపొదల్లో తిరిగే పిట్ట జాతుల్లో సగం పోగొట్టుకున్నాయి.

మాస్టారూ, మీ పిల్లలకి గ్రాఫు పేపరు మీద ఒక లెక్క ఇవ్వండి. పది కిలోమీటర్ల పొడవు, పది కిలోమీటర్ల వెడల్పు ఉన్న అడవి. వంద చదరపు కిలోమీటర్లు. వేట, మంట, కలప దొంగతనం ఇవన్నీ కలిపి అంచు ప్రభావం ఒక కిలోమీటరు లోపలికి వెళుతుందనుకోండి. అప్పుడు అసలైన లోపలి అడవి 8 ఇంటూ 8, అంటే 64. ఇప్పుడు మధ్యలో నిలువుగా ఒక రోడ్డు, అడ్డంగా ఒక రోడ్డు వేయండి. నాలుగు ముక్కలు, ఒక్కోదాని లోపల 3 ఇంటూ 3. మొత్తం 36. ఇప్పుడు ప్రతి రెండు కిలోమీటర్లకూ ఒక రోడ్డు, రెండు వైపులా. ఇరవై అయిదు ముక్కలు. లోపలి అడవి సున్నా. ఇరవై మీటర్ల వెడల్పు రోడ్లు ఎనిమిది వేస్తే పోయే నేల రెండు చదరపు కిలోమీటర్లు కూడా లేదు. రికార్డుల్లో 98 శాతం అడవి భద్రంగా ఉంటుంది.

ప్రపంచంలో మిగిలిన అడవిలో 70 శాతం ఏదో ఒక అంచుకి కిలోమీటరు లోపే ఉందని 2015లో తేలింది. నన్నడిగితే ఎంతమంది ఉన్నారన్న దానికన్నా, ఏ గీత ఎక్కడ గీశారన్నదే ముందు అడగాల్సిన ప్రశ్న.


నేలపటం · శనివారం, మధ్యాహ్నం 1:10

పిట్టగూడు గారూ, చాలా థాంక్స్. పొద్దున క్లాసులో ఆ లెక్క ఇచ్చాను. రంగు పెన్సిళ్లతో అంచులు పూస్తూ పోయారు. మూడో బొమ్మ దగ్గర "సార్, లోపల రంగు వేయడానికి గడి లేదు" అని ఒకడు అరిచాడు. నేను ఏమీ వివరించాల్సిన పని లేకపోయింది.


సూటిమాట · శనివారం, మధ్యాహ్నం 2:35

లెక్క బాగుంది, కాదనను. కానీ రోడ్లు వాటంతట అవే పడవు కదా. వెనక నుంచి జనం తోస్తుంటే పడతాయి. నేను మొదటి నుంచీ అనేది ఒక్కటే, ఎక్కడో ఒకచోట ఈ సంఖ్యకు గట్టిగా బ్రేకు వేయాలి. మెత్తగా చెబితే వినరు. చట్టం పెట్టి, అవసరమైతే కఠినంగానే అమలు చేయాలి. పులులు, ఒరాంగుటాన్లు ఓటు వేయలేవు, వాటి తరఫున ఎవరో ఒకరు మాట్లాడాలి.


నర్సమ్మ · శనివారం, సాయంత్రం 5:05

సూటిమాట గారూ, మీ బాధ నిజమైనదే. అందుకే కోపం తెచ్చుకోకుండా రాస్తున్నాను. కుటుంబ నియంత్రణ విభాగంలో నర్సుగా ఇరవై రెండేళ్లు పనిచేశాను. "కఠినంగా" అన్న మాట కాగితం మీద తేలిక. అది అమలయ్యేది ఒక ఆడమనిషి ఒంటి మీద.

ఎమర్జెన్సీలో ఏం జరిగిందో మన పెద్దలకు గుర్తుంది. 1976-77లో ఒక్క ఏడాదిలోనే 80 లక్షలకు పైగా ఆపరేషన్లు, చాలావాటిలో టార్గెట్లు, బలవంతం. ఫలితం? జనం ఆ మాట వింటేనే పారిపోయే పరిస్థితి వచ్చింది. 1977లో శాఖ పేరులోంచి కుటుంబ నియంత్రణ తీసేసి కుటుంబ సంక్షేమం అని పెట్టుకోవాల్సి వచ్చింది. చైనాలో ఒక బిడ్డ నిబంధన 2015 దాకా నడిచింది. బలవంతపు గర్భస్రావాలు, ఆడపిల్లలు లెక్కలోంచి మాయమవడం. ఇప్పుడు అదే దేశం పిల్లల్ని కనండి అని బతిమాలుతోంది.

మరి బలవంతం లేకుండా ఏం జరిగిందో చూడండి. బంగ్లాదేశ్‌లో మత్లబ్ అనే ప్రాంతంలో 1977లో ఒక ప్రయోగం మొదలుపెట్టారు. శిక్షణ పొందిన ఆడవాళ్లు ఇంటింటికీ వెళ్లి, మాట్లాడి, ఏ పద్ధతి కావాలంటే అది ఇచ్చి, ఇబ్బంది వస్తే మళ్లీ వెళ్లి చూశారు. పక్కనే ఈ సేవ లేని ఊళ్లతో పోలిస్తే కాన్పులు స్పష్టంగా తగ్గాయి. 1970ల్లో ఆ దేశంలో ఒక్కో స్త్రీకి సగటున ఆరుగురు దాటి పిల్లలు. ఇప్పుడు ఇద్దరు చిల్లర. ఇరాన్‌లో 1980ల్లో ఆరుకు అటూ ఇటూ ఉన్నది 2000 నాటికి రెండు దగ్గరకు దిగింది. అక్కడ ఆ కాలంలోనే ఆడపిల్లలు పెద్దఎత్తున చదువుకున్నారు. ప్రపంచ సగటు 1960ల్లో అయిదు, ఇప్పుడు 2.3 కన్నా కాస్త తక్కువే. జనాభా పెరిగే వేగం 1960ల్లో ఏడాదికి రెండు శాతం దాటి ఉండేది, ఇప్పుడు ఒక శాతం లోపే. మీరు అడిగే బ్రేకు యాభై ఏళ్ల కిందటే పడింది. బండి బరువుకి ఆగడానికి టైం పడుతోంది, అంతే. ఈరోజు తల్లులయ్యే వయసులో ఉన్న అమ్మాయిలు చాలామంది కాబట్టి, తలా ఇద్దరినే కన్నా కొన్ని దశాబ్దాలు మొత్తం పెరుగుతూనే ఉంటుంది.

ఒక్కటి చెప్పి ఆపుతాను. చాలా ఏళ్ల కిందట నాలుగో బిడ్డని ఎత్తుకుని ఒకావిడ వచ్చింది. కాన్పు రాకుండా వేసే సూది మందు కావాలంది. స్టాకు లేదు, వచ్చే నెల రమ్మని చెప్పించారు నాచేత. వచ్చే నెలా లేదు. మూడోసారి వచ్చినప్పుడు ఆమె కడుపుతో ఉంది. నా ముందు కూర్చుని "నేను అడిగాను కదమ్మా" అంది, అంతే. ఆమె మీద ఏ చట్టం ప్రయోగించాలంటారు? వద్దనుకుని కూడా సాధనం అందని ఆడవాళ్లు పేద, మధ్యాదాయ దేశాల్లో ఇరవై కోట్లకు పైనే. వాళ్లు అడిగింది వాళ్లకి అందితే మీ పులులకీ మేలే.


సూటిమాట · శనివారం, రాత్రి 7:45

నర్సమ్మ గారూ, ఆ చివరి పేరా రెండుసార్లు చదివాను. "కఠినంగా" అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. మనస్ఫూర్తిగా.

సంఖ్య గురించి మాట్లాడడం మాత్రం మానను. మీరు చెప్పిన దాన్నిబట్టే సంఖ్య ముఖ్యం, ఆ సూది మందు ముఖ్యం. పర్యావరణం అంటే మొక్కలు నాటడమే అనుకునే చోట్ల ఈ స్టాకు సంగతి ఎవరూ ఎత్తరు. అది తప్పు.


నర్సమ్మ · శనివారం, రాత్రి 8:00

నూటికి నూరుపాళ్లు.


కొత్తచిగురు · ఆదివారం, ఉదయం 9:30

ఆలస్యంగా చేరాను, క్షమించండి. జనం పెరిగితే చెట్లు తగ్గాల్సిందే అన్నదానికి ఎదురు ఉదాహరణ ఒకటుంది. ఆఫ్రికాలో నైజర్ దేశం. ప్రపంచంలో అత్యధిక జననాల రేటు ఉన్న దేశాల్లో ఒకటి, అదీ ఎడారి పక్కన. అలాంటి దేశంలో 1980ల మధ్య నుంచి దాదాపు 50 లక్షల హెక్టార్ల పొలాల్లో చెట్లు తిరిగి లేచాయి. దక్షిణాన మరాది, జిందర్ ప్రాంతాల్లో ఎక్కువ.

ఎవరూ మొక్కలు నాటలేదు. నరికేసిన చెట్ల మొదళ్లు, వేళ్లు నేల కింద బతికే ఉన్నాయి. ఏటా చిగురు వేసేవి, దున్నే ముందు రైతే చెక్కేసేవాడు. ఫ్రెంచి పాలన నాటి నుంచి పొలంలో చెట్టయినా సర్కారుదే అన్న నియమం. పెంచితే నాది కాదు, కొమ్మ కొడితే జరిమానా. ఇంక ఎందుకు ఉంచుతాడు? ఆ పట్టు సడలి, చెట్టు నాదే అన్న నమ్మకం కలిగాక రైతు చిగుళ్లలో బలమైనవి నాలుగైదు ఉంచి మిగతావి కోయడం మొదలుపెట్టాడు. నీడ, పశువులకు ఆకు, వంటచెరుకు, గాలికి అడ్డు. చేతులు ఎక్కువ ఉన్నాయి కాబట్టే ఆ చాకిరీ సాగింది.

కెన్యాలో మచాకోస్ కొండల్లోనూ అంతే. 1930ల్లో నేల కొట్టుకుపోయి ఇక పనికిరాదని అధికారులు రాసేశారు. 1990కి జనం అయిదు రెట్లయ్యారు, కొండలు మెట్లుమెట్లుగా చెక్కి కట్టలు వేసుకున్నారు. కోత తగ్గింది.


పిట్టగూడు · ఆదివారం, ఉదయం 10:50

మంచి ఉదాహరణలు. ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. పొలంలో చెట్టు మనిషికి మేలు, కొన్ని పిట్టలకూ మేలు. కానీ అడవి లోపలి జీవికి అది ఇల్లు కాదు. రెండూ ఒకటే అనుకుంటే మళ్లీ రంగు చూసి మోసపోయినట్టే.

అయినా అదే నైజర్‌లో మీకు తోడుగా ఇంకోటి ఉంది. పశ్చిమాఫ్రికా జిరాఫీలు 1990ల మధ్యకి 49 మిగిలాయి. అన్నీ నైజర్‌లోనే, కూరే అనే ప్రాంతంలో, కంచె లేకుండా రైతుల పొలాల మధ్య. వేట ఆపి, ఊళ్లవాళ్లకు వాటి వల్ల నాలుగు రాళ్లు వచ్చేలా చేశారు. ఇప్పుడు 600 దాటాయి. ఊరి జనమూ పెరిగారు, అవీ పెరిగాయి. ఇలాంటిది అన్ని జంతువులతో కుదరదు. జిరాఫీ మనిషిని తినదు, పంటని పెద్దగా తొక్కదు. ఏనుగుతోనో చిరుతతోనో ఇంత తేలిక కాదు.

రువాండా సంగతి కూడా చెప్పాలి. కొండ గొరిల్లాల పార్కు చుట్టూ ఆఫ్రికాలోకెల్లా కిక్కిరిసిన పల్లెలు. జనమే పార్కుని తినేశారని అందరూ అనుకుంటారు. కానీ 1960ల చివర ఆ పార్కులో పెద్ద భాగం కోసేసింది పైరెత్రమ్ అనే పూల సాగు కోసం, పురుగుమందు చేసి ఎగుమతి చేయడానికి. అక్కడి ఆకలి తీర్చడానికి కాదు.


నేలపటం · ఆదివారం, మధ్యాహ్నం 12:15

ఆ అమ్మాయి ఇంకోటి కూడా అడిగింది. "అయితే మనుషులు తగ్గిపోతే అడవి దానంతట అదే వచ్చేస్తుందా సార్?" అని. వస్తుందనే నా ఊహ. చెప్పే ముందు ఇక్కడ అడుగుతున్నా.


లెక్కలమేడ · ఆదివారం, మధ్యాహ్నం 1:40

అంత తేలిగ్గా కాదు మాస్టారూ. జపాన్ చూడండి. 2008 ప్రాంతంలో జనాభా శిఖరం తాకి దిగుతోంది. 2020 జనగణనలో కూడా జనం తగ్గారు, ఇళ్లలో విడివిడిగా ఉండే కుటుంబాల సంఖ్య మాత్రం పెరిగింది. ఒంటరిగా ఉండేవాళ్లు ఎక్కువయ్యారు. నలుగురు ఒక ఇంట్లో ఉంటే ఒక కప్పు, ఒక ఫ్రిజ్, ఒక దారి. అదే నలుగురు నాలుగు ఇళ్లలో ఉంటే నాలుగు. 2003లోనే దీని మీద ప్రపంచవ్యాప్త లెక్క వచ్చింది, జీవవైవిధ్యం ఎక్కువున్న దేశాల్లో జనాభా కన్నా ఇళ్ల సంఖ్యే వేగంగా పెరుగుతోందని.

అక్కడే ఇంకో విచిత్రం. 2023లో ఖాళీ ఇళ్లు 90 లక్షలు. కొండ పల్లెల్లో మడులు, గడ్డినేలలు, ఏటా కొమ్మలు కొట్టే చిట్టడవులు కలిసి ఉండే నేలని వాళ్లు సతోయామా అంటారు. వందల ఏళ్లు ఆ మడుల్లోని నీళ్లలో కప్పలు, తూనీగలు, ఆ గడ్డిలో సీతాకోకచిలుకలు పెరిగాయి. ముసలివాళ్లు పోయాక మడులు ఎండాయి, గడ్డినేలను పొదలు కమ్మాయి. ఆ కప్పలూ సీతాకోకచిలుకలూ తగ్గిపోతున్నాయి. మనిషి వెళ్లిపోవడం వల్ల కూడా ఆవాసం పోతుంది.


కొత్తచిగురు · ఆదివారం, మధ్యాహ్నం 3:20

తిరిగొచ్చిన చోటు కావాలంటే కోస్టారికా చూపించండి మాస్టారూ. 1980లలో ఆ దేశంలో అడవి నాలుగో వంతుకు పడిపోయింది, ఇప్పుడు సగం పైనే. ఈలోగా జనాభా దాదాపు రెట్టింపయింది! పశువుల పెంపకానికి ఇచ్చే చవక అప్పులు, రాయితీలు ఆగిపోయాయి, మాంసం ధర పడింది. 1996 చట్టంతో అడవిని వేరే వాడకానికి మార్చడం నిషేధించారు. పెట్రోలు పన్నులోంచి 3.5 శాతం తీసి, అడవి ఉంచుకున్న రైతుకు ఏటా డబ్బు ఇస్తున్నారు.

వాయవ్యాన గ్వానాకాస్తెలో చూడదగ్గ ముక్క ఒకటుంది. 1990ల చివర ఒక జ్యూస్ కంపెనీ నారింజ తొక్కలు 12 వేల టన్నులు లారీలతో తెచ్చి మూడు హెక్టార్ల చచ్చిపోయిన మేతబీడు మీద కుమ్మరించింది. జాన్జెన్ అనే జీవశాస్త్రవేత్త, ఆయన భార్య హాల్వాక్స్ చేసిన ఏర్పాటు. ఈగలు ముసిరాయి, కంపు కొట్టింది, కోర్టు కేసుతో ఆగిపోయింది. పదహారేళ్ల తర్వాత వెతుక్కుంటూ వెళ్లిన పరిశోధకులకు అక్కడ పెట్టిన బోర్డు కనిపించడమే కష్టమైంది. తీగలు, చెట్లు అంతగా కమ్మేశాయి.


నేలపటం · సోమవారం, సాయంత్రం 5:30

ఈరోజు గ్వానాకాస్తె చూపించాను. 1984 నుంచి జరుపుతుంటే పాలిపోయిన రంగు మెల్లగా పచ్చబడింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. నారింజ తొక్కల కథకి ఇంకా నవ్వారు.

ఆ అమ్మాయి చప్పట్లు కొట్టలేదు. చెయ్యెత్తి, "మరి అక్కడున్న పశువులు ఎటు పోయాయి సార్?" అంది.

నాకు తోచలేదు. మీకు ఏమైనా తెలుసా?


లెక్కలమేడ · సోమవారం, రాత్రి 7:10

ఆ అమ్మాయికి నా తరఫున శభాష్ చెప్పండి. ఈ రంగంలో పనిచేసేవాళ్లు చాలా ఆలస్యంగా అడిగిన ప్రశ్న అది.

కొంత నిజంగానే తగ్గింది. కొంత దేశం మారింది. వియత్నాంలో దీన్ని జాగ్రత్తగా లెక్క కట్టారు. 1987 నుంచి 2006 వరకు ఆ దేశంలో అడవి బాగా పెరిగింది. అయితే తిరిగి పెరిగినదాంట్లో 39 శాతానికి సమానమైన నరుకుడు బయటి దేశాల మీదకి వెళ్లిపోయిందని 2009లో తేలింది. వాళ్లకి కావాల్సిన కలప దిగుమతి అయింది, అందులో లావోస్, కాంబోడియా నుంచి దొంగ కలప కూడా ఉంది. ఒక పటంలో పచ్చబడితే ఇంకో పటంలో పాలిపోయింది. అలాగని 39ని చూసి మిగతా 61ని మరిచిపోవద్దు. అది నికరంగా మిగిలిన అడవి.


సూటిమాట · సోమవారం, రాత్రి 7:55

మాస్టారూ, ఒక సలహా. రొండోనియాని, గ్వానాకాస్తెని పక్కపక్కన పెట్టి ఒకే ఏడాది నుంచి ఒకేసారి జరపండి. మధ్యలో బ్రెజిల్ మాంసం ఏ దేశాలకు ఎగుమతి అవుతోందో ఆ పటం పెట్టండి. జనాభా అంకెలు కింద ఒక వరసలో ఉండనివ్వండి, అవి తీసేయొద్దు.


నేలపటం · సోమవారం, రాత్రి 8:20

తీసేయను సూటిమాట గారూ. జనాభా కింద రెండో వరసలో పశువులు, మూడో వరసలో రోడ్ల పొడవు రాయిస్తాను. ఎగుమతుల పటం మాత్రం నేను గీయను. ఆ పని ఆ అమ్మాయికే అప్పగించా, గురువారం తెస్తానంది. తెచ్చాక ఇక్కడ ఫొటో పెడతాను.